పాత స్నేహితుల విహారానికి బస్సు: తలకు ఎంత పడుతుంది?

ప్రశ్న: మాది కావలి. పదో తరగతి కలిసి చదివిన 36 మందిమి పాతికేళ్ల తర్వాత ఒకరోజు సరదాగా గడపాలనుకున్నాం. పొద్దున ఏడింటికి బయల్దేరి జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం, ఆ తర్వాత మైపాడు బీచ్, రాత్రి ఎనిమిదికి ఇల్లు. కొందరు చెన్నై నుంచి లైట్లు, డీజే ఉన్న పార్టీ బస్సు తెప్పిద్దామంటున్నారు. 8 గంటలకు 38,000 రూపాయలు, ఆపైన గంటకు 3,000, రానుపోను డీజిల్ మనదే. మా ఊళ్లో 40 సీట్ల ఏసీ బస్సుకు కిలోమీటరుకు 62 రూపాయలు, కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవరు, క్లీనరు బత్తా 1,500 అన్నారు. నా క్రెడిట్ కార్డుతో కట్టేసి తర్వాత అందరి దగ్గర వసూలు చేసుకోనా?

జవాబు: కార్డుతో కట్టొద్దు. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు మీకు చెప్పిన రెండు ధరల్లో ఏదీ మీ చేతి నుంచి పోయే అసలు మొత్తం కాదు. ఆ లెక్క తేలితే ఏ బస్సన్నది మీవాళ్లే తేల్చుకుంటారు.

చెన్నై బస్సు చూద్దాం. చెన్నై నుంచి కావలికి సుమారు 230 కిలోమీటర్లు. వచ్చి వెళ్లడానికే 460. మీరు ఎక్కకముందు, దిగిన తర్వాత ఆ బస్సు ఖాళీగా తిరిగే దూరం అది, డీజిల్ మీది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వేసుకున్నా 115 లీటర్లు. లీటరు 97 రూపాయల లెక్కన 11,000 దాటుతుంది. మీ కార్యక్రమం ఏడు నుంచి ఎనిమిది వరకు, అంటే 13 గంటలు. పైన పడే 5 గంటలకు 15,000. మొత్తం 64,000. దానిమీద 5 శాతం జీఎస్టీ వేస్తే 67,200. గంటలు చెన్నైలో బండి కదిలినప్పటి నుంచి లెక్కిస్తారా, కావలిలో మీరు ఎక్కినప్పటి నుంచా అన్నది రాయించుకోకపోతే ఇది ఇంకా పెరుగుతుంది. ఆ బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే రాష్ట్రం దాటినప్పుడు కట్టాల్సిన పన్ను మీ బిల్లులోనే పడుతుంది.

సీట్ల సంగతి అంతకంటే ముఖ్యం. పార్టీ బస్సుల్లో మధ్యలో ఆడుకోవడానికి చోటు వదిలి, పక్కలకు సోఫాలు వేస్తారు. అందుకే అదే సైజు మామూలు బస్సు కంటే మనుషులు తక్కువ పడతారు. ఆర్సీలో రాసి ఉన్న సీట్ల సంఖ్య అడగండి. 25 అని ఉంటే 36 మంది ఎక్కడమంటే జరిమానా ఒకటే కాదు, జరగరానిది జరిగితే బీమా క్లెయిము దగ్గర పేచీ. లోపల మార్పులు ఆర్సీలో ఎక్కించారో లేదో చూడాలి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయి అంతమంది పోయాక కూడా అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడకుండా ఎక్కడం తప్పు. ఎల్‌ఈడీ లైట్ల వైర్లు, తెరలు, స్పాంజి సోఫాలు ఉన్న బండిలో ఇది రెట్టింపు జాగ్రత్తగా చూడాలి. హైవే మీద బండి పరుగెత్తుతుంటే నిలబడి డాన్సులు వద్దు. ఒక్క బ్రేకు చాలు, ఆసుపత్రి ఖర్చు బాడుగను మించిపోతుంది.

ఇక ఊళ్లో బస్సు. 300 కిలోమీటర్లకు 18,600, బత్తా 1,500, కలిపి 20,100. జీఎస్టీతో 21,105. టోలు, పార్కింగ్‌కు 1,500 పక్కన పెట్టండి. 22,605 అయింది. కావలి, జొన్నవాడ, మైపాడు తిరిగి వస్తే నిజంగా తిరిగేది దాదాపు 200 కిలోమీటర్లే. అంటే తిరగని వంద కిలోమీటర్లకు 6,200 కడుతున్నారు. బండి రోజంతా మీకే కేటాయించినందుకు యజమాని కనీస దూరం పెడతాడు. బ్యాంకు వాయిదా, సీటు లెక్కన మూడు నెలలకోసారి కట్టే పన్ను ఆయనకు ఉంటాయి, అందులో అన్యాయం లేదు. అయినా ముహూర్తాలు లేని రోజైతే 250కి దింపమని అడగండి, 3,100 మిగులుతుంది. దిగకపోతే ఆ దూరం వాడుకోండి. చలికాలమైతే మైపాడు బదులు నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి గూడబాతుల్ని చూసి రావచ్చు. జొన్నవాడతో కలిపి కూడా దాదాపు 300 లోపే.

కిలోమీటర్లు బండి ఉండే షెడ్డు నుంచి మళ్లీ షెడ్డుకు చేరేదాకా లెక్కిస్తారా, మీరు ఎక్కిన చోటు నుంచా? చాలా గొడవలు ఇక్కడే. బండి ఒంగోలులో ఉంటే రానుపోను 130 పైన కలుస్తుంది. బయల్దేరేటప్పుడు, దిగేటప్పుడు మీటరు ఫొటో తీసుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తారా అన్నదీ ముందే అడగండి, మైపాడులో మధ్యాహ్నం దాని విలువ తెలుస్తుంది. ఫాస్టాగ్‌లో డబ్బు లేకపోతే టోలు ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఆ తేడా యజమానిదని రాయించండి. అడ్వాన్సు పావు వంతుకు మించొద్దు, రసీదులో బండి నంబరు ఉండాలి. నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా గడువులు మీరే చూసుకోవచ్చు. తెల్ల నంబరు ప్లేటు బండి సగానికి వచ్చినా వద్దు, బాడుగకు తిప్పే హక్కు దానికి లేదు. కావలి ఆర్టీసీ డిపోలో కూడా ఒక మాట అడగండి. ప్రత్యేక బాడుగకు వాళ్లూ బస్సులిస్తారు, డిపాజిట్ కట్టించుకుని చివర్లో లెక్క చూస్తారు.

ఇప్పుడు వసూలు. 36తో భాగించొద్దు. వస్తామన్నవాళ్లలో చివరి వారంలో నలుగురైదుగురు తగ్గుతారు, బస్సు బాడుగ మాత్రం తగ్గదు. 30 మందిగా లెక్కేయండి. 22,605కు పదిశాతం చిల్లర ఖర్చు కలిపి 25,000 అనుకుంటే తలకు 833. అందరి దగ్గరా 850 తీసుకోండి. చెన్నై బస్సుకు 67,200ను అదే 30 మందికి పంచితే, టోలు, చిల్లర ఖర్చు కలపకుండానే తలకు 2,240. ఈ రెండు అంకెలు గ్రూపులో పెట్టండి, వాదన చాలావరకు తీరిపోతుంది. భోజనం డబ్బు వేరుగా తీసుకోండి, మందు ఖర్చు ఉమ్మడి డబ్బులో అస్సలు కలపొద్దు. తాగనివాడు తన వాటా పోయిందని అనుకున్న రోజున స్నేహం దెబ్బతింటుంది.

డబ్బు మీ ఒక్కరి ఖాతాలో కాకుండా ఇద్దరి పేరు మీద ఉన్న పొదుపు ఖాతాలోకి, తేదీకి 20 రోజుల ముందే రావాలి. డబ్బు ఇచ్చినవాళ్ల పేరే జాబితాలో ఉంటుందని చెప్పేయండి. క్రెడిట్ కార్డులో 25,000 గీకి, గడువులోగా వసూలు కాక మిగిలిపోతే, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకున్నా 875, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి వెయ్యి దాటుతుంది. ఆ వెయ్యి మీ జేబుదే, ఎవరినీ అడగలేరు. ఈలోగా ఇంట్లో సరుకులకు గీకినదానికీ వడ్డీ పడుతుంది.

36 మందీ ఇస్తే 30,600 వస్తుంది. ఖర్చు పోను మిగిలింది ఎంతైనా, బిల్లుల ఫొటోలతో పాటు వారంలోపు గ్రూపులో చూపించి, తలా ఇంత అని వెనక్కి పంపేయండి.