కాన్ఫరెన్స్‌కి బయల్దేరేముందే తేల్చుకోవాల్సిన నెట్ పనులు

చిరంజీవికి,

నీ పేపర్ సెలెక్ట్ అయిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. "అక్కడ వైఫై ఉంటుందిగా, మెయిల్ సంగతి వెళ్లాక చూసుకుంటా" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఇంట్లో గంటలో అయిపోయే పని అక్కడ పూటంతా తినేస్తుంది, ఒక్కోసారి అసలు అవదు.

అన్నిటికన్నా ముందు లాగిన్ సంగతి చూడు. కొత్త ఊరు, కొత్త నెట్‌వర్క్ అనేసరికి మెయిల్ వాడికి అనుమానమొచ్చి ఓటీపీ అడుగుతాడు. అది వచ్చేది నువ్వు రోజూ వాడే సిమ్‌కి. వేరే దేశంలో రోమింగ్ లేకపోయినా, అక్కడి సిమ్ వేసుకోవడానికి దాన్ని తీసేసినా ఆ మెసేజ్ రాదు. పాస్‌వర్డ్ గుర్తుండి కూడా గుమ్మం బయటే నిలబడాలి. అందుకని ముందే అథెంటికేటర్ యాప్ పెట్టుకో. అది 30 సెకన్లకో కొత్త కోడ్ చూపిస్తుంది. దానికి సిమ్ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. మరి ఫోనే పోతే? జీమెయిల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు. వాటిని కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌తో పాటు ఉంచుకో. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దు.

మీ యూనివర్సిటీలో ఎడ్యురోమ్ ఉంటే నీ అదృష్టం. సొంత సంస్థ లాగిన్‌తోనే వేరే విద్యాసంస్థల్లో కూడా వైఫై వాడుకునే ఏర్పాటు అది. 100కి పైగా దేశాల్లో విద్యాసంస్థలు దాన్ని వాడుతున్నాయి, సభ జరిగేది క్యాంపస్‌లో అయితే చాలావరకు దొరుకుతుంది. యూజర్‌నేమ్ మాత్రం @ గుర్తు, దాని తర్వాత భాగంతో సహా పూర్తిగా కొట్టి సెట్ చేసుకో. సొంత క్యాంపస్‌లో అది లేకుండా కూడా కనెక్ట్ కావచ్చు, బయట కాదు. నీ వివరాలు సరైనవో కావో ఏ సంస్థని అడగాలో అక్కడి నెట్‌వర్క్ ఆ భాగం చూసే తెలుసుకుంటుంది మరి. మీ క్యాంపస్‌లో ఉండగానే ఒకసారి కనెక్ట్ చేసి చూడు.

ఇక హాల్లో నెట్. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం కదలదు. ఆ గీతలు నీకు సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో చెబుతాయి గానీ, అదే నెట్‌ని ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు. పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు మూడే. వందల ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ వాటి మీదే పడితే ఏమవుతుంది? 5 గిగాహెర్ట్జ్ అని విడిగా పేరు కనిపిస్తే అదే ఎంచుకో. ఫోన్ డేటా వాడాల్సి వస్తే హాట్‌స్పాట్ కన్నా కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ చెయ్యి, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారానే ల్యాప్‌టాప్‌కి ఇవ్వు. హాట్‌స్పాట్ కూడా ఆ రద్దీలోనే ఇరుక్కుంటుంది, కేబుల్‌కి ఆ బాధ లేదు.

కనెక్ట్ అయిందని చూపించి నెట్ రాకపోతే కంగారు పడకు. ఆ వైఫై వాడి లాగిన్ పేజీ తెరుచుకోలేదన్నమాట. వీపీఎన్, ఆండ్రాయిడ్‌లో అయితే ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ పేర్ల వెతుకులాటని గుప్తంగా ఉంచే సెట్టింగ్), రెండూ కాసేపు ఆపి, బ్రౌజర్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరువు. ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని గుప్తంగా మార్చడం, లేని పేజీ కాబట్టి నెట్‌వర్క్ దాన్ని ఆపి తన లాగిన్ పేజీ చూపించగలదు. లోపలికి వెళ్లాక ఆపినవి మళ్లీ ఆన్ చెయ్యడం మరిచిపోకు.

నెట్‌వర్క్ పేరు రిజిస్ట్రేషన్ డెస్క్‌లో అడిగి తెలుసుకో. కాన్ఫరెన్స్ పేరుతో వైఫై ఎవరైనా పెట్టగలరు. సైట్ సర్టిఫికెట్ (అది అసలు సైటేనని చూపే గుర్తింపు) సరిగా లేదని బ్రౌజర్ హెచ్చరిస్తే ఎంత అర్జెంటు మెయిలైనా సరే, ముందుకు వెళ్లొద్దు.

ఫొటోల బ్యాకప్, క్లౌడ్ సింక్, అప్‌డేట్లు ఆ కాసిని రోజులూ ఆపెయ్యి. ఉన్న కాస్త నెట్‌నీ అవే తాగేస్తాయి.

మెయిల్ ఎప్పుడు చూడాలో కూడా చెప్తాను. టీ బ్రేక్‌లో అందరూ ఒక్కసారే ఫోన్లు తీస్తారు, అప్పుడు ఏదీ సాగదు. పొద్దున్నే ఒకసారి, రాత్రి రూమ్‌కి వచ్చాక ఒకసారి చూస్తే చాలు. ఆలస్యంగా జవాబిస్తానని ఆటో రిప్లై పెట్టుకో. ఎవరో నెలల తరబడి చేసిన పని చెబుతుంటే ముందు వరసలో కూర్చుని ఇన్‌బాక్స్ చూసుకోవడం నాకు అస్సలు నచ్చదు. స్టేజీ మీద ఉన్నవాళ్లకి అది కనిపిస్తుంది, రేపు ఆ స్టేజీ మీద నువ్వుంటావు.

నీ స్లైడ్లు మాత్రం క్లౌడ్‌ని నమ్మి వదిలెయ్యకు. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్‌తో సహా ఇంకో కాపీ ఉండాలి. వీడియో ఉంటే లింక్ కాదు, ఫైలే ఉండాలి. బయల్దేరే ముందురోజు ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి స్లైడ్లు, టికెట్, హోటల్ అడ్రస్, ఆహ్వాన పత్రం ఒక్కొక్కటే తెరిచి చూడు. ఏది తెరుచుకోకపోతే అది ఆ రాత్రే డౌన్‌లోడ్ చేసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ