మైకుతో పాటు గల్లాపెట్టె కూడా

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. హైదరాబాదులో కొత్తవాళ్ళకు కూడా మైకు ఇచ్చే ఓపెన్ మైకులు రెండింటిలో మాట్లాడి వచ్చావనీ, ఇక మీదట కరీంనగర్‌లోనే నెలకొక స్టాండప్ కామెడీ షో పెట్టాలనుకుంటున్నావనీ చదివి సంతోషించాను. అయితే హాలు, టికెట్లు, డబ్బు వ్యవహారమంతా తెలిసిన అబ్బాయి ఒకడు చూసుకుంటానన్నాడనీ, నువ్వు వచ్చి మాట్లాడిపోతే చాలన్నాడనీ రాసిన చోట ఆగిపోయాను. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ డిగ్రీ కళాశాలలో ఇరవై ఆరేళ్ళు తెలుగు పాఠం చెప్పి, యాభై దాటిన తరువాత మైకు పట్టుకున్న నేను కూడా మొదటి సంవత్సరం సరిగ్గా ఆ మాటే నమ్మాను.

అప్పట్లో టికెట్ల డబ్బంతా మరొకరి ఫోను నంబరుకు వెళ్ళేది. ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయో నాకు తెలిసేది కాదు, అడగడానికి మొహమాటం అడ్డువచ్చేది. షో అయిపోగానే నన్ను వేదిక మీదికి పిలిచి, అమ్మ వంటిదని నాలుగు మాటలు చెప్పి, శాలువా కప్పి పంపించేవారు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఆరు శాలువాలు పోగయ్యాయి. ఏడో షోకు నా పేరు పోస్టరులో లేదు. కారణం అడిగితే జనం కొత్తవాళ్ళను కోరుతున్నారని జవాబు వచ్చింది. జనం ఏమి కోరుతున్నారో చెప్పే లెక్కల పుస్తకం నా దగ్గర లేదు కనుక నేను ఎదురు మాట్లాడలేకపోయాను. అందుకే, ఎన్ని కుర్చీలు వేయాలి, టికెట్టు ఎంత, ఎవరి తరువాత ఎవరు మాట్లాడాలి, డబ్బు ఏ ఖాతాలో పడాలి అన్నవి నువ్వే నిర్ణయించు. ఆ అబ్బాయి సాయం తీసుకో, పనికి డబ్బు ఇవ్వు. ఖాతా మాత్రం నీదే కావాలి.

ముందు హాలు సంగతి. మన దగ్గర ఎవరిని అడిగినా పెద్ద ఆడిటోరియం పేరే చెబుతారు. ఇక్కడ 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం చూడముచ్చటైన మందిరమే. నాటకానికీ నృత్యానికీ అటువంటిదే కావాలి. కానీ అంతటి మందిరంలో యాభై మంది చెల్లాచెదురుగా కూర్చుంటే స్టాండప్ చచ్చిపోతుంది, ఎందుకంటే నవ్వు పక్కవాడి భుజం నుంచి అంటుకునే వస్తువు. నీకు కావలసింది అరవై కుర్చీలు పట్టే, పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న గది. టిఫిన్ సెంటరు మీది అంతస్తయినా, గ్రంథాలయం పక్క గదైనా పనికివస్తుంది. అరవై మంది వస్తారనుకుంటే నలభై అయిదు కుర్చీలే వేసి, మిగిలినవి గోడ దగ్గర దొంతరగా పెట్టుకుని, జనం పెరిగినప్పుడు వేయించు. నడిమధ్యలో దారి వదలకు. ఆ దారిలోనే నవ్వు తెగిపోతుంది. స్పీకర్లను నువ్వు నిలబడే చోటుకు ముందు వరుసలో ఉంచితేనే మైకు కూయదు. సీలింగు ఫ్యాన్లన్నీ తిప్పించి, కూలరు వేయించి ఒకసారి మాట్లాడి చూడు. మే నెలలో నా షో ఒకటి పూర్తిగా కూలరు చప్పుడులో కొట్టుకుపోయింది.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. హాలు చూడడానికి వెళ్ళినప్పుడు వేదిక చూడక ముందే ఆడవాళ్ళ బాత్రూం చూడు. గడియ పడుతుందా, నీళ్ళు వస్తున్నాయా, అక్కడికి వెళ్ళే దారిలో బల్బు ఉందా అని చూసుకో. మగవాళ్ళు నడిపే షోలకు ఆడవాళ్ళు ఎందుకు రారో అని సభల్లో చర్చలు జరుగుతుంటే నాకు ఈ గడియే గుర్తుకు వస్తుంది.

సమయం కూడా అటువంటిదే. హైదరాబాదును చూసి రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టకు. నేను ఆదివారం సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించడం మొదలుపెట్టిన తరువాతే హంటర్ రోడ్డు నుంచీ, కాజీపేట నుంచీ ఆడవాళ్ళు గుంపులుగా రావడం మొదలైంది. బస్సు దొరుకుతుంది, ఇంట్లో అన్నం వేళకు చేరుకుంటారు. వాళ్ళను ఎక్కడ కూర్చోబెడతావన్నది కూడా ఆలోచించు. మరిది పక్కన కూర్చున్న వదిన ఎంత మంచి జోకుకైనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది; అదే మనిషిని స్నేహితురాళ్ళతో మొదటి రెండు వరుసల్లో కూర్చోబెడితే హాలంతా ఆమె నవ్వే వినిపిస్తుంది. ప్రేక్షకుల మీద వెలుతురు తగ్గించు, కానీ పూర్తిగా చీకటి చేయకు. పక్కవాడి చేయి ఎక్కడుందో కనిపించేటంత వెలుగు ఉండాలి.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లోనూ, మేడారం జాతర జరిగే వారంలోనూ, ఇంటర్ పరీక్షలప్పుడూ, గట్టి ముహూర్తం ఉన్న ఆదివారాల్లోనూ షో పెట్టకు. సద్దుల బతుకమ్మ నాడు పెట్టి పదకొండు మందితో నడిపిన తెలివితక్కువ మనిషి రాస్తున్న మాట ఇది.

డబ్బు లెక్క ఒకటి చెబుతాను, నీ ఊరి ధరలు వేసుకుని మార్చుకో. నా షోకు హాలుకు 2,500, సౌండుకు 1,500, నలుగురు కళాకారుల దారి ఖర్చులకు మనిషికి 500 చొప్పున 2,000, వీడియోకు 1,000, పోస్టర్లకు 300. మొత్తం 7,300 రూపాయలు. టికెట్టు 150. అంటే నలభై తొమ్మిదో టికెట్టు అమ్ముడుపోయే దాకా నేను సొంత డబ్బు పెట్టినట్టే. అరవై నిండితే మిగిలేది 1,700. ఈ లెక్క తెలియకుండా ఇరవై ఉచిత పాసులు బంధువులకు పంచితే ఏమవుతుందో నువ్వే చూసుకో. పాసులు అడిగే బంధువులే చప్పట్లు కొట్టడంలో పిసినారులన్నది నా అనుభవం. వచ్చిన కళాకారులకు మాత్రం ఆ రాత్రే, హాలు దాటకముందే డబ్బు ఇవ్వు. సికింద్రాబాదులో రైలెక్కి 130 కిలోమీటర్లు వచ్చిన పిల్లను రేపు పంపుతానని అనకు.

ఎవరెవరిని పిలవాలన్నప్పుడు అయిదుగురిలో ఇద్దరైనా ఆడవాళ్ళు ఉండేటట్టు చూడు. మగవాడు చప్పబడితే ఫలానా మనిషి చప్పబడ్డాడంటారు. వేదిక మీద ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి చప్పబడితే ఆడవాళ్ళకు హాస్యం రాదంటారు. ఆ బరువు ఒక్కరి నెత్తిన పెట్టకూడదు. కొత్తవాళ్ళకు అయిదు నిమిషాలకు మించి ఇవ్వకు, నాలుగో నిమిషంలో వెనుక గోడ దగ్గర నుంచి ఫోను లైటు చూపించు, నీకు కూడా అదే నియమం పెట్టుకో.

ఇక మాట్లాడే విషయానికి వస్తాను. నీ వీడియో చూశాను. నీకు చూపు ఉంది, ధైర్యం ఉంది. వాక్యం మాత్రం ఇంకా నిలబడలేదు. ఇంగ్లీషులో చూసి నేర్చుకున్న పిల్లలందరిలోనూ నాకు ఇదే లోపం కనిపిస్తుంది. మన భాషలో క్రియ చివర వస్తుంది. నవ్వు పుట్టించే మాట దానికి ముందు పడి, క్రియ దానిని కప్పేస్తుంది. జనం నవ్వబోయే సమయానికి నువ్వింకా మాట్లాడుతూనే ఉంటావు. నా పాత జోకు ఒకటి తీసుకో. "మా అత్త నన్ను బిడ్డ లెక్కనే చూస్తది. ఆడిబిడ్డ పండుగకొస్తే పొద్దున పది దాక లేవదు. నేను గూడ బిడ్డనే గద అని ఒక్కరోజు పది దాక పన్న. గా రోజు సంది మా అత్త నన్ను బాకీ లెక్క చూస్తున్నది." దీనికి నాలుగు నెలలు ఓ మోస్తరు నవ్వే వచ్చింది. తరువాత చివరి వాక్యాన్ని తిప్పాను: "గా రోజు సంది మా అత్త చూసేది బిడ్డ లెక్క కాదు, బాకీ లెక్క." కొత్త సంగతి ఏదీ చేరలేదు, 'చూస్తున్నది' అన్నది 'చూసేది' అయి ముందుకు జరిగింది, అంతే. హాలు నవ్వుతో దద్దరిల్లింది. మొదట్లో ఇదే జోకు మధ్యలో ఆ పండుగకు ఏమేమి వండారో కూడా చెప్పేదానిని. గారెలు, సకినాలు అనగానే జనం మనసు వంటింట్లోకి వెళ్ళిపోయేది. వాటిని తీసేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు, అయినా తీసేశాను. ప్రతి షో ఫోనులో రికార్డు చేసుకుని, మరునాడు విని, నవ్వు రాని చోట గీత గీయి. అయిదు నిమిషాల మాట గట్టిపడడానికి నాకు ఇరవై షోలు పట్టింది.

భాష గురించి ఇంకొక మాట. వేదిక మీద మన మాటలోనే మాట్లాడు, పత్రిక భాష వద్దు. కానీ మన యాసను విని నవ్వే నవ్వు వేరు, మన మాటలోని తెలివికి నవ్వే నవ్వు వేరు. ఏండ్ల తరబడి సినిమాలు మన పలుకును పనివాళ్ళకూ రౌడీలకూ పెట్టి నవ్వించాయి కనుక, "ఏందే" అనగానే కొందరు అలవాటుగా నవ్వుతారు. ఆ నవ్వును లెక్కలో వేసుకోకు. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా జరుపుకునే నేల మీద, మన మాటను మనమే వేళాకోళపు వస్తువుగా అమ్ముకోవడం నాకు నచ్చదు. పక్కనే వరంగల్ మట్టెవాడలో పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ ఒక్క గొంతుతో ఎందరినో పలికించారు. ఎవరి గొంతు పలికినా వారి మీద వెటకారం లేకుండా పలకవచ్చని నేను ఆయనను విన్నప్పుడే గ్రహించాను.

మన ఇండ్లల్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కరని మీ మేనత్త అన్నదని రాశావు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ చిందు యక్షగానంలో మగ వేషాలు కూడా కట్టి ఊరూరా ఆడింది. ఆమె వంటి దళిత కళాకారిణులు వేదిక మీద ఉండగా కింద కూర్చుని చూసినవాళ్ళు మన ఇండ్లవాళ్ళు. కనుక మేనత్త మాటలో 'మన ఇండ్లు' అన్నదే అసలు విషయం. ఆమెతో వాదించకు; మూడో షోకు టికెట్టు కొనిపించి ముందు వరుసలో కూర్చోబెట్టు.

ఇంటివాళ్ళ మీద జోకులకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: వాళ్ళు ముందు వరుసలో ఉన్నా చెప్పగలిగినదే చెబుతాను. ఒకసారి మీ పెదనాన్న గురక మీద చెప్పిన నలభై సెకన్ల ముక్క ఎవరో ఫోనులో తీసి పంచితే, అది ఆయన ఆఫీసుకు ఆయనకంటే ముందే చేరింది. ఆయన వారం రోజులు మాట్లాడలేదు; గురక మాత్రం ఆపలేదు. అప్పటి నుంచి ఫోన్లు లోపల పెట్టుకోవాలని మొదట్లోనే చెప్పిస్తాను, ఏ ముక్క బయటికి వెళ్ళాలో నేనే నిర్ణయిస్తాను. కులం మీద మాట్లాడదలిస్తే నీ కులపు గొప్పల మీద మాట్లాడు, ఎదుటివారి కులం మీద ఒద్దు. ఇక్కడ చట్టం కంటే ముందు మర్యాద ఉంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలను అడ్డుకునే 1989 నాటి చట్టం ఉండనే ఉంది.

జనంలో నుంచి అరిచేవాళ్ళు ఉంటారు. "పెండ్లయిందా అక్కా" అనీ, "డ్యాన్స్ చెయ్యి" అనీ అంటారు. మొదటిసారి విననట్టు ముందుకు సాగు, ఎందుకంటే నువ్వు జవాబిస్తే వాడికి కూడా షోలో వేషం దొరికినట్టే. రెండోసారికి ఒక్క మాటతో కొట్టు. అటువంటి మాటలు నాలుగైదు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని ఉంచుకో. మూడోసారికి మైకు దించి, టికెట్టు డబ్బు తిరిగి ఇప్పించి, బయటికి పంపించు. నూటయాభై రూపాయలకు ఇంత ప్రశాంతత ఇంకెక్కడా దొరకదు. ఈ పని చేసే మనిషి ఎవరన్నది ముందే మాట్లాడుకో. గల్లాపెట్టె నీదైతేనే ఆ మనిషి నీ మాట వింటాడు. వెంటపడే వాళ్ళు, బెదిరింపు సందేశాలు పంపేవాళ్ళు ఉంటే ఊరుకోకుండా పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పు. షో అయ్యాక హాలు తాళం వేసే దాకా నీతో ఇంకొక ఆడమనిషి ఉండాలి.

ఆరుబయట పెట్టే ఆలోచన ఇప్పుడే వద్దు. దానికి మైకు అనుమతి కోసం పోలీసు స్టేషను చుట్టూ తిరగాలి, రాత్రి పదింటి తరువాత లౌడుస్పీకరు ఎలాగూ కుదరదు, పైగా వీధి కుక్కలు నీకంటే ముందు నవ్వు రాబట్టుకుంటాయి.

వచ్చే నెల రెండో ఆదివారం నా షో ఉంది. నాలుగు గంటలకే రా. కుర్చీలు నాతో పాటు వేద్దువు గాని, తలుపు దగ్గర కూర్చుని టికెట్ల లెక్క నువ్వే రాద్దువు గాని. నీకు అయిదు నిమిషాలు ఉంచాను, మూడో స్థానంలో. నాలుగో నిమిషంలో వెనుక నుంచి లైటు వెలిగించేది నేనే. పెద్దమ్మ గదా అని ఆరో నిమిషం అడగకు.

మీ పెద్దమ్మ