అక్వేరియం నీళ్లు మార్చిన రెండు రోజులకే మళ్లీ ఎందుకు మసకబారుతున్నాయి?

నీళ్లన్నీ ఒకేసారి మార్చేయడమే చాలాసార్లు అసలు కారణం. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో, అడుగున గులకరాళ్ల మీద ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, స్పాంజిని కుళాయి కింద పెట్టి తోమితే క్లోరిన్ దెబ్బకు ఈ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అప్పుడు నీళ్లలో తేలే వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి, నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా అవుతాయి. కొత్త ట్యాంకులోనూ ఇంతే. టెన్షన్ పడొద్దు, సాధారణంగా కొన్ని రోజుల్లో అవే తేరుకుంటాయి. అప్పటిదాకా మేత తగ్గించండి, కొత్త చేపలు వేయకండి.

వారానికి 20–25 శాతం నీళ్లు మారిస్తే చాలు. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలపండి. తీసిన పాత నీళ్లను బకెట్‌లో ఉంచి, స్పాంజిని అందులోనే రెండు మూడు సార్లు పిండండి. గోధుమరంగు మడ్డి దిగిపోతుంది. అంతకు మించి శుభ్రం చేయక్కర్లేదు, స్పాంజి కొత్తదానిలా ఉండటం మనకు మంచిది కాదు కూడా.

మేత విషయంలో మాత్రం మనసు గట్టి చేసుకోవాలి. మనిషి కనబడగానే చేపలు అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరుస్తాయి, అదంతా ఆకలి కాదు. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి.

నీళ్లు పచ్చగా ఉంటే అది నాచు. ట్యాంకు మీద నేరుగా ఎండ పడనివ్వకండి, లైటు రోజుకు 6–8 గంటలు చాలు. టీ రంగులో ఉంటే లోపల పెట్టిన చెక్క నుంచి దిగిన టానిన్లు, అంటే చెక్కలో సహజంగా ఉండే రంగు పదార్థాలు. వాటితో మామూలుగా చేపలకు హాని లేదు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (రంగును పీల్చుకునే ఒక రకం బొగ్గు) పెడితే ఆ రంగు పోతుంది.