గుండె చుట్టూ నీరు చేరడం, పొర బిగుసుకోవడం ఒకటేనా?

ఒకటి కాదు, కానీ మొదటిదాని తర్వాత రెండోది రావచ్చు.

గుండెను కప్పి పెరికార్డియం అనే రెండు పొరల సంచి ఉంటుంది. అందులో మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. అది వేగంగా పెరిగితే గుండె నొక్కుకుపోతుంది, వెంటనే సూదితో తీయాలి.

ఈ సంచికి వాపు వచ్చి చాలాకాలం ఉంటే, మన దేశంలో ముఖ్యంగా టీబీ వల్ల, ఆ సంచి మందంగా, గట్టిగా మారి గుండెను నిండనివ్వదు. రక్తం వెనక నిలిచిపోయి కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. దీన్ని లివర్ జబ్బనుకుని నెలలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు, బాధగా ఉంటుంది. పొట్టతోపాటు మెడ నరాలూ ఉబ్బితే ఎకో (గుండె స్కాన్) చేయించండి. తొలిదశలో మందులతో తగ్గవచ్చు. ముదిరితే ఆపరేషన్‌తో ఆ పొర తీసేయాలి. ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.