టెక్ సందేహాలు: కీబోర్డున్న స్మార్ట్‌ఫోన్ మళ్లీ కొనొచ్చా?

ప్రశ్న: ఒకప్పుడు ఆఫీసువాళ్లిచ్చిన బ్లాక్‌బెర్రీ బోల్డ్ వాడాను. కీల వంక చూడకుండానే మెయిల్ కొట్టేసేవాణ్ని. ఇప్పుడు టచ్ ఫోన్‌లో నాలుగు లైన్లు రాస్తే తప్పులు దిద్దుకోవడానికే టైమంతా పోతోంది. కీబోర్డు ఫోన్లు మళ్లీ వస్తున్నాయంటున్నారు. ఒకటి తెప్పించుకోమంటారా? అసలు జనం వీటిని కొంటారా, లేక కంపెనీ మూతపడి నేను ఇరుక్కుపోతానా? (మాదాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: జనం కొంటారా అంటే, ఎక్కువమంది కొనరు. ఈ మాట నేను సంతోషంగా చెప్పడం లేదు. వేలి కింద కీ దిగినప్పుడు కలిగే భరోసా అద్దం మీద ఎప్పటికీ రాదు. కానీ మన దగ్గర ఫోన్ వాడేవాళ్లు ఏం రాస్తున్నారు, ఏ లిపిలో రాస్తున్నారు అన్నది చూస్తే కీబోర్డు గెలిచే దారి నాకు కనిపించడం లేదు.

కీబోర్డుకు అవకాశం దొరక్క కాదు. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌కు తెరను జరిపితే కింద కీబోర్డు బయటపడేది. అదే ఏడాది మీ బోల్డ్, నోకియా ఈ71 వచ్చాయి. 2010లో నోకియా సీ3 వచ్చాక క్వర్టీ కీబోర్డు (కంప్యూటర్‌లో లాగా ఇంగ్లిష్ అక్షరాలన్నిటికీ విడి కీలున్నది) ఆఫీసుల నుంచి కాలేజీ పిల్లల చేతుల్లోకి దిగింది. మైక్రోమ్యాక్స్ లాంటి మన కంపెనీలూ అలాంటివి అమ్మాయి. అంత ఊపు మీదున్న కీబోర్డు నాలుగైదేళ్లలోనే షోకేసుల్లోంచి మాయమైంది. సినిమాలు, ఫొటోలు, మ్యాపులు ఫోన్‌లోకి వచ్చేశాక, ముందు భాగంలో మూడో వంతు చోటు కీలకు వదిలేయడానికి జనం ఒప్పుకోలేదు.

ఇది అందరికీ తెలిసిన కారణం. తెలుగువాళ్లకు ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. బ్లాక్‌బెర్రీ తరహా కీబోర్డులో మొత్తం 35 కీలు. అందులో 26 ఇంగ్లిష్ అక్షరాలకే పోతాయి. మనకేమో అచ్చులు, హల్లులు కలిపి యాభైకి పైనే, ఆ మీద గుణింతాలు, ఒత్తులు. మన భాషలకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఎక్కువ హల్లులు కుడిచేతి వైపు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు ఉంటాయి. పెద్ద కీబోర్డు మీద అది చక్కటి అమరిక. కానీ అందులో ‘చ’ ఉండేది సెమీకోలన్ కీ మీద, ‘ట’ ఉండేది అపాస్ట్రఫీ కీ మీద, ‘డ’ ఉండేది స్క్వేర్ బ్రాకెట్ కీ మీద. బ్లాక్‌బెర్రీ తరహా ఫోన్ కీబోర్డులో ఇవేవీ విడి కీలుగా ఉండవు, ఆల్ట్ లాంటి ఇంకో కీ నొక్కితే గానీ బయటికి రావు. అంటే అలాంటి ఫోన్‌లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే ‘చెట్టు’ అన్న రెండక్షరాల మాట కూడా తిన్నగా కొట్టలేం.

అదే అద్దం మీద చూడండి. చాలా తెలుగు టచ్ కీబోర్డుల్లో ‘క’ నొక్కగానే పక్కన ఉన్న అచ్చుల వరుస కా, కి, కీ, కుగా మారిపోతుంది. అచ్చేసిన ప్లాస్టిక్ కీ అలా మారలేదు. 2007 జనవరిలో ఐఫోన్‌ను చూపిస్తూ స్టీవ్ జాబ్స్ చెప్పిన వాదన కూడా ఇదే: కీలు పని ఏదైనా ఒకేలా ఉంటాయి, తెర పనిని బట్టి మారుతుంది. ఆయన దృష్టిలో ఉన్నది యాప్‌లు. ఆ మార్పు వల్ల ఎక్కువ లాభపడింది మాత్రం తెలుగు లాంటి భాషలు. కంపెనీకి కూడా హైదరాబాద్‌లో, చెన్నైలో, లూధియానాలో ఒకే అద్దం అమ్మితే సరిపోతుంది. కీలైతే భాషకొక అచ్చు వేయాలి. యూరప్‌లో జర్మన్‌కు వేరే, ఫ్రెంచికి వేరే కీబోర్డులు చేయాల్సి వచ్చేది.

‘మేం తెలుగును కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతాం కదా’ అంటారేమో. నిజమే. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారేవాళ్లను గమనించండి. ఒకరు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడుతుంటారు, ఇంకొకరు మైక్ గుర్తు నొక్కి పట్టుకుని వాయిస్ మెసేజ్ పంపుతుంటారు. చాలామంది పంపేది ఒకటిన్నర లైను, ఒక బొమ్మ. ఇంత చిన్న రాతకు కీబోర్డు మోయాలని ఎవరికీ అనిపించదు.

వేగం సంగతి కూడా చెప్పాలి. 2019లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ, కేంబ్రిడ్జ్, ఈటీహెచ్ జ్యూరిచ్ పరిశోధకులు 37,000 మంది ఫోన్‌లో ఇంగ్లిష్ ఎంత వేగంగా కొడతారో చూశారు. సగటున నిమిషానికి 36 పదాలు. కంప్యూటర్ కీబోర్డు మీద అంతకుముందు చేసిన పరిశీలనలో వచ్చిన సగటు 52. తేడా ఉంది గానీ, మనం ఊహించుకునేంత లేదు. పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలు నలభైల్లో ఉన్నవాళ్లకంటే నిమిషానికి 10 పదాల దాకా ఎక్కువ కొట్టారు. బోల్డ్ చేతపట్టని తరం అది. వాళ్లకు అద్దమే కీబోర్డు.

ఇక మీ విషయం. మీరు రోజూ రాసేది ఇంగ్లిష్‌లో, అదీ పొడుగాటి మెయిళ్లయితే మీ కోరికలో తప్పేం లేదు. కంపెనీ మూతపడుతుందేమోనన్న భయం కూడా న్యాయమైనదే. బ్లాక్‌బెర్రీ పేరుతో 5జీ కీబోర్డు ఫోన్ తెస్తామని 2020లో ప్రకటించిన ఆన్‌వర్డ్ మొబిలిటీ, ఒక్క ఫోన్ కూడా అమ్మకుండానే 2022 ఫిబ్రవరిలో మూతపడింది. ఇప్పుడు బరిలో ఉన్నవాటిలో యూనిహెర్జ్ టైటాన్ 2 ఒకటి. నలుచదరపు తెర, కింద కీబోర్డు, 2025లో కిక్‌స్టార్టర్ ద్వారా ముందే డబ్బు సేకరించి తయారుచేశారు. ఇలాంటివి బయటి నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కట్టాలి, తెర పగిలితే ఊళ్లో స్పేర్ దొరకదు.

అందుకే మీకు నా సలహా: ఫోన్ మార్చకండి, ఫోన్‌కు కీబోర్డు తగిలించుకోండి. 2024 జనవరిలో క్లిక్స్ అనే కంపెనీ ఐఫోన్‌కు తొడిగే కీబోర్డు కవరు తెచ్చింది, అప్పట్లో ధర 139 డాలర్ల నుంచి మొదలైంది. ఛార్జింగ్ పోర్టు ద్వారా కలుస్తుంది కాబట్టి బ్లూటూత్ తంటా లేదు. ఫోన్ పొడవు బాగా పెరుగుతుంది, జేబులో ఇబ్బందే. కానీ నచ్చకపోతే తీసి పక్కన పెడతారు, ఫోన్ ఫోన్‌లాగే ఉంటుంది. ఆండ్రాయిడ్ వాడుతుంటే మడతపెట్టే బ్లూటూత్ కీబోర్డు ఒకటి బ్యాగులో వేసుకోండి.

ఇంకో మాట. టచ్‌లో మీకు తప్పులు పడటానికి ఒక కారణం, మీరు బ్లాక్‌బెర్రీ అలవాటుతో ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టడం. టచ్ కీబోర్డు తర్వాత ఏ అక్షరం రావచ్చో ఊహించి, కంటికి కనిపించకుండానే ఆ కీ తగిలే చోటును పెంచుతుంది, మాట పూర్తయ్యాక తానే సరిచేస్తుంది. మాట మధ్యలో ఆగి వెనక్కి చెరపకుండా, మొత్తం కొట్టేసి స్పేస్ నొక్కి చూడండి. కొన్ని రోజులు ఓపిక పట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ బ్లాక్‌బెర్రీ కీ2 చవగ్గా ఇస్తామంటున్నారు. తీసుకోనా? (నాంపల్లి పాఠకుడు)

జవాబు: సరదాకు దాచుకోవడానికైతే తీసుకోండి, రోజువారీ ఫోన్‌గా వద్దు. 2018లో మన దేశంలో రూ. 42,990కి వచ్చిన ఫోన్ అది. ఆండ్రాయిడ్ 8.1తో వచ్చింది, భద్రతా అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. అలాంటి ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ పెట్టుకోవడం ప్రమాదం. ఇంకా పాత బోల్డ్, కర్వ్ లాంటివి ఇస్తామంటే అసలు చేయి చాపకండి. వాటి వెనకున్న సర్వీసులను కంపెనీయే 2022 జనవరి 4న ఆపేసింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు కూడా సరిగా పనిచేస్తాయన్న హామీ లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై దాటాయి. చేతులు వణుకుతాయి. టచ్ ఫోన్‌లో ఒకటి నొక్కబోతే ఇంకొకటి తగులుతోంది. నాకు ఫోన్ చేయబోయి ఎవరెవరికో చేస్తున్నారు. విసిగిపోయి ఫోనే ముట్టుకోవడం మానేశారు. బటన్ల ఫోన్ కొనిస్తే మంచిదా? (మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కీల అవసరం నిజంగా ఉన్నది మీ నాన్నగారి లాంటివాళ్లకేనమ్మా. కంపెనీలు వీళ్ల కోసం ఆలోచించడం లేదన్నదే నా బాధ. వణుకు ఈమధ్యే మొదలైందైతే ముందు డాక్టరుకు చూపించండి, ఫోన్ సంగతి తర్వాత.

బటన్ ఫోన్ కొనేముందు ఉన్న ఫోన్‌లోనే కొన్ని మార్చి చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్తే ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ ఉంటుంది. దాన్ని లాంగ్ చేయండి. వేలు కాస్త ఎక్కువసేపు ఆనినా ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్‌గా తీసుకోదు. శాంసంగ్‌లో ‘ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీ’ అన్నచోట ‘ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్’ ఉంటుంది. వణుకుతో వెంటవెంటనే రెండు మూడు సార్లు తగిలితే ఒకసారిగానే లెక్కేస్తుంది. ఐఫోన్‌లో ఇదే పనికి ‘టచ్ అకామడేషన్స్’ ఉంది. అందులో ‘హోల్డ్ డ్యురేషన్’ పెంచితే అంతసేపు వేలు నిలిపితేనే నొక్కినట్టు. గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్ ప్రిఫరెన్సెస్‌లో ‘కీబోర్డ్ హైట్’ను ‘ఎక్స్‌ట్రా టాల్’ చేస్తే కీలు బాగా పెద్దవవుతాయి. మీ నంబరు, అమ్మగారి నంబరు ఫొటోలతో హోమ్ స్క్రీన్ మీద పెద్దగా పెట్టండి, మిగతా యాప్‌లన్నీ అక్కణ్నుంచి తీసేయండి. ఫోన్‌ను చేతిలో పట్టుకోకుండా బల్ల మీద పెట్టి, మణికట్టు బల్లకు ఆనించి నొక్కమనండి. ఏ సెట్టింగ్ కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

ఇవన్నీ చేసినా కుదరకపోతే నిస్సందేహంగా బటన్ ఫోన్ కొనివ్వండి. అంకెల కీలు పెద్దగా, ఒకదానికొకటి ఎడంగా ఉన్నది చూడండి. షాపులో ఆయన చేతనే నొక్కించి కొనండి, మీరు చూసి నచ్చిందని తేకండి. 4జీ ఉన్నదే తీసుకోండి. మన దేశంలో అమ్మే బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలని నిబంధన ఉంది. కొన్నాక అది ఏ కీయో చూసి ఆయనకు చూపించండి. డబ్బు పంపుకోవడానికి బటన్ ఫోన్లకు యూపీఐ 123పే ఉంది, 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మొదలుపెట్టింది. వాట్సాప్ మాత్రం ఉంటుందనుకోకండి. మనవల ఫొటోలు చూడటానికి ఇంట్లో పాత టచ్ ఫోన్‌నో ట్యాబ్‌నో వైఫైకి కలిపి ఉంచండి. మాట్లాడటానికి ఒకటి, చూడటానికి ఒకటి. రెండు ఫోన్లు దండగ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ప్రశ్న: అనువాదాలు చేస్తుంటాను. ప్రయాణాల్లో ఫోన్‌లోనే పేజీలకు పేజీలు తెలుగు కొట్టాల్సి వస్తోంది, బొటనవేళ్లు నొప్పి. బ్లూటూత్ కీబోర్డు కొంటే తెలుగు వస్తుందా? (విద్యానగర్ పాఠకురాలు)

జవాబు: వస్తుంది, కాకపోతే కొనేముందే చూసుకోవాలి. టచ్ కీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు రావడం ఆ యాప్ చేసే పని. బయటి కీబోర్డు మీద నొక్కింది ఆ యాప్ తెలుగులోకి మారుస్తుందన్న నమ్మకం లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మీ ఫోన్ తీసుకెళ్లి, అక్కడే కీబోర్డు కలపండి. కలిపాక సెట్టింగ్స్‌లో ‘ఫిజికల్ కీబోర్డ్’ అని కనిపిస్తుంది. అందులో తెలుగు అమరిక ఉందేమో చూడండి, ఫోన్ కంపెనీని బట్టి మారుతుంది. ఉంటే ‘స్త్రీ’ కొట్టి చూడండి. కంటికి ఒక్క అక్షరమే అయినా లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు ముక్కలు. అది సరిగా పడితే మిగతావన్నీ పడతాయి. పడకపోతే డబ్బు ఇవ్వకండి.

కొనేది మాత్రం సెమీకోలన్, అపాస్ట్రఫీ, స్క్వేర్ బ్రాకెట్ కీలు విడివిడిగా ఉన్నదే కొనండి. మరీ చిన్నవాటిలో ఇవి ఎగిరిపోతాయి, వాటితో పాటు మన చ, ట, డ కూడా. పేజీలకు పేజీలు రాసేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం మేలు. మొదట్లో ‘క’ ఎక్కడ, ‘త’ ఎక్కడ అని వెతుక్కుంటారు గానీ, చేయి తిరిగాక స్పెల్లింగ్ గురించి ఆలోచించక్కర్లేదు, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అదే అమరిక. అంత ఓపిక లేదంటే బరువు తక్కువ లాప్‌టాప్ తీసుకెళ్లండి. 2019 మే నాటి అప్‌డేట్ నుంచి విండోస్ 10లో, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ‘తెలుగు ఫోనెటిక్’ కీబోర్డు కూడా ఇస్తున్నారు, విడిగా ఏదీ వేసుకోనక్కర్లేదు. భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, కీబోర్డుల జాబితాలో దాన్ని ఎంచుకోండి. ఈలోగా బొటనవేళ్లకు విశ్రాంతిగా మొదటి చిత్తుప్రతిని మైక్‌లో చదివి రాయించండి. పేర్ల దగ్గర, సంధుల దగ్గర తప్పులు పడతాయి, అవి దిద్దుకుంటే చాలు.