తాళం ఎప్పుడు పగిలింది?

అనంతపురం

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి దొంగ ఎవరో తెలుసుకోవాలని, రెండోసారి నాకెందుకు నమ్మకం కుదరలేదో చూద్దామని.

నిమ్మలకుంట తోలుబొమ్మ పోయినట్టు రాయడం బాగుంది. మనకు మేకతోలు మీద రావణుడు ఉండగా ఎక్కడి పెయింటింగో ఎందుకు? కానీ నీ లాయరు అర్ధరాత్రి గోదాముల వెంట పరిగెడుతున్నాడు. అది పోలీసుల పని. పాతికేళ్లు వకీలు గుమాస్తాగా కేసు కట్టలు మోసినవాణ్ణి, చెబుతున్నా విను. లాయరు కుర్చీలో కూర్చునే దొంగను పడతాడు, కాగితాలు చదివి.

బర్గ్లరీ పాలసీలో, అంటే దొంగతనానికి చేసిన బీమాలో, వస్తువు పోతే చాలదు. దొంగ బలవంతంగా చొరబడి ఉండాలని షరతు రాసుకుంటే, అది లేని దొంగతనానికి డబ్బు రాదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి బొమ్మకు బీమా చేసిన నీ షావుకారుకు ఆలస్యంగా తెలిసిందనుకో. స్టేషన్‌లో ఇచ్చిన మొదటి ఫిర్యాదులో తాళం ఊసే లేదు. పంచనామాలో గొళ్లెం బాగానే ఉంది. వారం తర్వాత నష్టం చూడ్డానికి బీమా కంపెనీ సర్వేయర్ వచ్చేసరికి తాళం పగిలి ఉంది! ఈ మూడు కాగితాలూ లాయరు బల్ల మీద పక్కపక్కన పెట్టు. వాడు మాట్లాడకుండా కాసేపు చూడనీ.

కోర్టు సీనులో ఆ అరుపులు తీసెయ్. క్లెయిము గొడవ వెళ్లేది వినియోగదారుల ఫిర్యాదులు వినే కన్స్యూమర్ కమిషన్‌కు; అక్కడ సాక్ష్యం ఎక్కువగా అఫిడవిట్ల మీదే నడుస్తుంది. కంపెనీ లాయరు మోసం అన్నాడంటే ‘ఇది ఇక్కడ తేలదు, సివిల్ కోర్టుకు పంపండి’ అని కూడా అడుగుతాడు. షావుకారుకు అసలు టెన్షన్ అక్కడ.

ఇక బొమ్మ విలువ. ‘పురాతనం’ అని రాస్తే సరిపోదు. ఏళ్ల తరబడి ఆడిన బొమ్మకు కీళ్ల దగ్గర దారం రంధ్రాలు అరిగి సాగుతాయి, ఆముదం దీపాల పొగ పడుతుంది. క్లెయిముతో ఇచ్చిన ఫోటో ఒక ముసలి ఆటగాడికి చూపించు. ‘ఇది ఆడిన బొమ్మ కాదు సామీ’ అంటాడు. ఆ మాటను లాయరు అఫిడవిట్‌లో ఎలా రాయించాడో నాకు చదవాలనుంది.

తిరగరాసి పంపు. అన్నట్టు, గుమాస్తాకు కూడా ఒక పేరు పెట్టు. పాపం, కథంతా టీలు తేవడంతోనే సరిపోయింది వాడికి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న