బాప్తిస్మం తీసుకోబోయే బిడ్డకు

ప్రియమైన బిడ్డకు,

ప్రభువు నామమున వందనాలు. బాప్తిస్మం తీసుకోవాలని ఉందనీ, అయితే సంఘంలో కొందరు పెద్దలు "నీళ్లలో మునిగి లేచినాక పాతవన్నీ పోయినట్టే, ఇక కేసు వాపసు తీసుకొని భర్త దగ్గరికి వెళ్లిపో" అంటున్నారనీ రాశావు. నీ కోరికకు నిండు మనసుతో సంతోషిస్తున్నాను. పెద్దల మాటను మాత్రం ఒప్పుకోవద్దు. హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో స్త్రీల కూడికల్లో పనిచేస్తూ, నీలాగే దెబ్బలు తిని బయటపడిన ఆడపిల్లలను బాప్తిస్మానికి సిద్ధపరచినదానిగా ఈ మాట చెబుతున్నాను.

బాప్తిస్మంలో మనం క్రీస్తుతో కూడా పాతిపెట్టబడి, ఆయనతో లేచి, కొత్త జీవితంలో నడుస్తామని రోమీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు బోధించాడు. అక్కడ పాతిపెట్టబడేది మన పాపపు బతుకు. నీ ఒంటి మీద పడిన దెబ్బలు ఇంకొకరి పాపం, వాటికి నీవు పశ్చాత్తాపపడవలసిన పని లేదు. క్షమించడం నీ మనసు కుదుటపడినప్పుడు దేవుని సన్నిధిలో జరుగుతుంది, దానికి ఎవరూ గడువు పెట్టలేరు. క్షమించిన తరువాత కూడా ఆ ఇంటికి వెళ్లకుండా ఉండవచ్చు, కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును నిలుపుకోవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుంది, బాప్తిస్మంతో ఆ రక్షణ పోదు.

అయినా నీటిలో దిగకముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని దాచి నిన్ను తొందరపెట్టేవారు నీ మేలు కోరేవారు కారు. నీది హిందూ వివాహమైతే, భార్య మతం మారిందన్న కారణంతో భర్త విడాకులు అడగడానికి 1955 నాటి హిందూ వివాహ చట్టం అవకాశమిస్తోంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద మతం మారిన భార్య విడిగా ఉంటూ మనోవర్తి కోరే హక్కును కోల్పోతుంది. గృహహింస చట్టం కిందగాని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కిందగాని అడిగే మనోవర్తికి మతంతో సంబంధం లేదు కనుక, నీ దరఖాస్తు ఏ చట్టం కింద వేశారో లాయరును అడుగు. ఫీజు భయం వద్దు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఉచితంగా లాయరును ఇస్తారు. మీ కుటుంబానికి ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే ఇంకొకటి కూడా తెలుసుకో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించరు, మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు (బీసీ-సీ) కింద లెక్కిస్తారు. చదువుకో, ఉద్యోగానికో ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడినదానవైతే ఇది చిన్న విషయం కాదు. ఈ నియమం అన్యాయమని నా గట్టి అభిప్రాయం, కాని నీ విశ్వాసాన్ని దాచుకొమ్మని నేను చెప్పను. అన్నీ తెలిసి, నీ అంతట నీవే నిర్ణయించుకోవాలి. ఫిలిప్పీలో నది ఒడ్డున వాక్యం విని బాప్తిస్మం పొందిన లూదియ, ఊదారంగు బట్టల వ్యాపారం చేసుకునే స్త్రీ, ఎవరినో అనుమతి అడిగినట్టు అపొస్తలుల కార్యములలో ఎక్కడా లేదు.

ఇక ఆ రోజు సంగతి. బాప్టిస్టు సంఘాల్లో పూర్తిగా ముంచుతారు. పాస్టరుగారు ఒక చేయి నీ వీపు వెనుక ఉంచి, రెండో చేతితో నీ ముక్కు మూసి, వెనక్కి వాల్చి నీటిలో ముంచి లేపుతారు. గొంతు పట్టి నొక్కిన చేయిని ఎరిగిన స్త్రీకి, ముఖం మీద మగవాని చేయి పడి నీరు కమ్ముకునే ఆ క్షణంలో పాత భయం ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది విశ్వాసం లేకపోవడం కాదు, శరీరం మరచిపోకపోవడం. కాబట్టి రెండు మూడు రోజుల ముందే తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, ఎక్కడ నిలబడాలో, చేయి ఎక్కడ పడుతుందో చూపించమని అడుగు. నీ ముక్కు నీవే మూసుకుంటానని చెప్పు, పాస్టరమ్మగారు నీ పక్కనే నీటిలో నిలబడాలని కోరు. ఇవి అడగడానికి సిగ్గుపడవద్దు. ముంచడం నీ వల్ల కాదనిపిస్తే, దక్షిణ ఇండియా సంఘంలో చిలకరింపుతోను, కథోలిక సంఘంలో తల మీద నీళ్లు పోయడంతోను ఇస్తారు. ఏదీ తక్కువ కాదని నేను నమ్ముతున్నాను.

పలుచని తెల్ల చీర తడిస్తే ఒంటికి అంటుకుంటుంది. మందపు నూలు చీర, లోపల ముదురు లంగా, నిండు చేతుల జాకెట్ వేసుకొని, పిన్నులు గట్టిగా పెట్టుకో. మెట్ల దగ్గరే పెద్ద తువ్వాలుతో ఒక స్త్రీ నిలబడి ఉండాలి, బట్టలు మార్చుకునే గదికి లోపలి నుంచి గడియ ఉందో లేదో ముందే చూసుకో.

సాక్ష్యం చెప్పమంటారు. ప్రభువును ఎందుకు నమ్మావో చెబితే చాలు, ఆ ఇంట్లో జరిగినదంతా నలుగురిలో విప్పి చెప్పవలసిన బాధ్యత నీకు లేదు. ఫోటోలు, వీడియోలు తీయవద్దని, వాట్సాప్ గ్రూపుల్లోను, యూట్యూబులోను పెట్టవద్దని పాస్టరుగారి చేతనే ముందు ప్రకటన చేయించు, ఎందుకంటే నీవు ఎక్కడ ఉంటున్నావో నీ భర్తకు ఒక్క ఫోటోతో తెలిసిపోతుంది. అతను గుడి దగ్గరికే వస్తాడన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం వారికి ముందుగా చెప్పి ఉంచు, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు నీతో వచ్చేవారందరి ఫోన్లలోను ఉండాలి.

తేదీ ఇంకా ఖాయం చేయలేదు గనుక లాయరును కలిసిన తరువాతే ఖాయం చేయించు, వెంటనే నాకు రాయి. పెద్దలతో మాట్లాడడానికి ఒక ఆదివారం ముందుగానే నేను వస్తాను, కేసు మాట మళ్లీ ఎత్తితే జవాబు నేనే చెబుతాను.

నీ క్షేమం కోరే
అమ్మమ్మ
హనుమకొండ